సీరియల్ మార్చేటోళ్లు

నా కొలువు ప్రశ్నలకు జవాబులు రాసుడు. హైదరాబాదుల ఒక కంపెనీ ఉన్నది. యాప్‌లు తయారు చేసేటోళ్లకు అది క్లౌడ్‌ల జాగ ఇస్తది. అంటే వాళ్ల యాప్ నడిచే కంప్యూటర్లు, అందుల దాచుకునే వివరాలు, అన్నీ కంపెనీయే చూసుకుంటది. ఏదన్న అడ్డం తగిలితే ఆ యాప్‌లు చేసేటోళ్లు మాకు రాస్తరు, నేను జవాబు పంపుత. రెండేండ్లు ఆడనే హాస్టల్‌ల ఉండి చేసిన. తర్వాత ఎల్లారెడ్డి పక్కన మా ఊరికి వచ్చి, ఇంటి ముందటి అర్రల కూసోని చేస్తున్న.

"ఊర్లె నెట్టు ఉంటదా?" అని మా మేనేజర్ అడిగిండు.

"లేకపోతే ఎల్లారెడ్డికి ఆటోల పోత సార్. మీకు జవాబు కావాలె గని అది ఏ ఊరి నుంచి వస్తే ఏంది?" అన్న. ఆయన సరే చూద్దామన్నడు. ఇప్పటికి ఒక్క దినం కూడా నా పని ఆగలే.

వచ్చే ప్రశ్నలు చాన మటుకు ఒక్కతీరుగనే ఉంటయి. రెండు రకాల ఫోన్లకు యాప్ రెండుసార్లు రాయాల్నా, ఒక్కసారి రాస్తే సరిపోతదా? సర్వర్ ఏ ఊర్ల పెట్టుకుంటే మంచిది? నిన్న మంచిగ నడిచింది, ఇయ్యాల ఎందుకు నడుస్తలేదు? ఫోన్‌కు సిగ్నల్ లేనప్పుడు రాసింది ఏమైతది? ఇద్దరు ఒక్కసారే మార్చితే ఎవరిది ఉంటది? వీటికి కంపెనీ కాడ ఇంగ్లీషుల తయారు జవాబులు ఉంటయి. సరైన జవాబు ఏరి, రెండు ముక్కలు మార్చి పంపాలె. మూడేండ్లు గట్లనే పంపిన. ఆ జవాబులల్ల ఒకటి తప్పని నాకు తెలిసింది వడ్ల కల్లంల.

ఈ పని నేను కామారెడ్డిల నేర్చుకున్న. స్టేషన్ దిక్కు పోయే తొవ్వల, ఎరువుల దుకాణం మీది అంతస్తుల కోచింగ్ ఉండె. ఎల్లారెడ్డి నుంచి బస్సుల పోయి వచ్చేది. మొదటి వారంలనే సారును అడిగిన: "సార్, క్లౌడ్ అంటరు గదా, ఆ కంప్యూటర్ అసలు ఏడ ఉంటది?" క్లాసంత నవ్విండ్లు. సారు కూడా నవ్వి, "నువ్వు ఏడికెళ్లి వస్తున్నవమ్మా?" అన్నడు. ఎల్లారెడ్డి దిక్కు అని చెప్పిన. "అది నీకు అక్కర లేదు, చెప్పింది రాసుకో" అన్నడు. తెల్లారి మళ్ల అదే అడిగిన. మూడో దినం కూడా అడిగిన. పక్కన కూసున్న పిల్ల నా చున్నీ గుంజి, "ఊకోవే, ఇజ్జత్ పోతున్నది" అన్నది. పోతే పోనీ అన్న. నాలుగో దినం సారు విసుగొచ్చి బోర్డు మీద బొమ్మ గీసిండు. పెద్ద షెడ్డు, షెడ్డు నిండ అరలు, అరల నిండ కంప్యూటర్లు, వాటికి ఎప్పటికీ కరెంటు, చల్లగాలి. నవ్వినోళ్లందరు గప్పుడు నోట్సుల ఆ బొమ్మ గీసుకున్నరు. వాళ్లకూ తెల్వదు. అడగలే, అంతే.

ఇగ కల్లం సంగతి చెప్త.

మా అవ్వ, అంటే మా అమ్మ, మహిళా సంఘంల ఉన్నది. మా ఊర్లె వడ్ల కొనుగోలు సెంటర్ ఆ సంఘమే నడుపుతది. రైతులు వడ్లు కోసి తెచ్చి కల్లంల కుప్పలు పోస్తరు. వచ్చిన వరుసల అవ్వ బుక్కుల పేర్లు రాసి నంబర్ ఇస్తది. దాన్నే అందరు సీరియల్ అంటరు. తేమ చూసి, సీరియల్ ప్రకారం కాంట పెడ్తరు, బస్తాలు లారీకి ఎక్కుతయి. చెప్పేతందుకు అంతే. కాని కాంట ఒక్కటి, హమాలీలు తక్కువ, లారీలు టైముకు రావు. ఒక్కొక్కరు పది పన్నెండు దినాలు కుప్ప కాడనే కాపలా ఉంటరు.

మా ఇంటి ఎనుక ఒక పెద్దవ్వ ఉంటది. ఒక్కతే. ఒక ఎకరం ఉన్నది, నాట్లకు తప్ప అన్ని పనులు తానే చేసుకుంటది. ఐతారం చర్చికి పోయి వచ్చి, తెల్లచీర మార్చుకోకుంటనే పొలానికి పోతది. ఆ యాసంగిల, అంటే ఎండకాలం పంటకు, ఆమె సీరియల్ పందొమ్మిది. మూడు దినాలకు ఇరవై మూడు అయింది. ఇంకో మూడు దినాలకు ఇరవై ఎనిమిది. సీరియల్ ముందుకు రావాలె గని ఎనుకకు ఎట్ల పోతది? పోయింది. ఏడో దినం పగటీలి మబ్బు పట్టి గాలివాన కొట్టింది. పెద్దవ్వ కప్పిన పర్దా లేచిపోయి తుమ్మ కంపకు తట్టుకున్నది. కుప్ప కింద నీళ్లు పారినయి. రెండు దినాలల్ల వడ్లు మొలకలెత్తినయి.

పెద్దవ్వ ఏడ్వలే, తిట్టలే. దోసిట్ల మొలకెత్తిన వడ్లు పట్టుకొచ్చి మా అవ్వ ముందట పెట్టి, "చూడు" అన్నది. అంతే అని పోయింది. మా అవ్వ ఆ దినం బువ్వ ముట్టలే.

"ఎందుకు మార్చినవ్ అవ్వా సీరియల్?" అని అడిగిన.

"నేను మార్చలే బిడ్డా. మార్పిచ్చిండ్లు. పటేల్‌వి, ఆయన దిక్కోళ్లవి మొదలు నాలుగు, మళ్ల ఐదు ట్రాక్టర్లు వచ్చినయి. ముందుగాల ఎక్కియ్యిమని, సెంటర్ మీద సర్కారు పెట్టిన ఇంచార్జి చెప్పిండు. బుక్కు నాదే గని రాసేది వాళ్లు చెప్పినట్టే."

పటేల్ అంటే మా ఊర్లె చాన భూమి ఉన్న ఆసామి. మా బాపుకు సొంతం ఒక ఎకరం, పటేల్ కాడ కౌలుకు రెండెకరాలు ఉండె. మా ఊర్లె సగం ఇండ్లకు ఆయనతోని ఏదో ఒక పని ఉంటది. అందుకే ఎవరూ మాట్లాడలే. నాకు మాత్రం కోపం ఆరలే. దినమంత ఎవరెవరి యాప్‌లకో తొవ్వ చూపుత. మా కల్లంల ఒక వరుసను నిలబెట్టలేనా?

"అవ్వా, సీరియల్ ఫోన్ల పెడ్దాం. అందరికి కనబడేటట్టు పెడ్దాం" అన్న.

అవ్వ మొదలు అడిగింది: "పెడ్తే అది ఏడ ఉంటది? నీ కంప్యూటర్లనా?"

"కాదు. ముంబైల."

"మన వడ్ల సీరియల్ ముంబైల ఎందుకే?"

నవ్వొచ్చింది, కాని నేను నవ్వలే. కామారెడ్డిల నా మీద నవ్విన తీరు నాకు యాది ఉన్నది. అవ్వను కూసోపెట్టి చెప్పిన. నా కంప్యూటర్ల పెడ్తే కరెంటు పోయినప్పుడల్ల సీరియల్ పోతది, నేను మూస్తే మూతపడ్తది. ముంబైల ఉన్న షెడ్డుల అయితే రాత్రి పగలు నడుస్తది. మనకు దగ్గరున్న షెడ్లల్ల అదొకటి కాబట్టి తొందరగ జవాబు వస్తది. అవ్వ అంతా విని, "దాని తాళం ఎవరి కాడ ఉంటది?" అన్నది.

నా కొలువుల ఈ ప్రశ్న తిప్పి తిప్పి వందసార్లు విన్న. ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అని అడుగుతరు. అవ్వ అడిగినంత సీదాగ ఎవరూ అడగలే. రాసేది నువ్వు, చదివేది అందరు అని చెప్పిన. అవ్వ ఆలోచన చేసి సంఘంల మాట్లాడింది. ఇద్దరు వద్దన్నరు, మిగిలినోళ్లు చేద్దామన్నరు.

వానకాలం నాట్లు పడేటప్పుడు మొదలుపెట్టిన. పొద్దున కంపెనీ పని, సాయంత్రం దీని పని. చాన సులువనుకున్న. సులువు కాదు. ఎవరినన్న అడుగుదామని, యాప్‌లు చేసేటోళ్లు మాట్లాడుకునే ఒక ఇంటర్నెట్ జాగల ఇంగ్లీషుల రాసిన: సిగ్నల్ లేని కల్లంల ఇద్దరు ఆడోళ్లు రెండు ఫోన్లల్ల నంబర్లు ఇస్తే ఎట్ల కలపాలె అని. ఒకాయన జవాబు ఇచ్చిండు. పల్లెటూరికి యాప్ ఎందుకు, కాగితం కలం చాలు అని. దానికి నలబై మంది మెచ్చుకున్నరు. నేను కింద రాసిన: "కాగితం మీద రాస్తే ఒక ముసలామె సీరియల్ పందొమ్మిది నుంచి ఇరవై ఎనిమిదికి పోయింది. ఆమె వడ్లు మొలకలెత్తినయి. నా ప్రశ్నకు జవాబు తెలిస్తే చెప్పండి, తెల్వకపోతే ఊకోండి." ఎవరూ మెచ్చుకోలే. జవాబు కూడా రాలే. నా తిప్పలు నేనే పడ్డ.

యాప్ స్టోర్ల పెట్టాలంటే ఇంకో నియమం అడ్డం వచ్చింది. నాలెక్క కొత్తగ, ఒంటరిగ చేసేటోళ్లు ముందుగాల పన్నెండు మంది చేత పద్నాలుగు దినాలు వాడిపిచ్చి చూపియ్యాలె. నడుమల ఎవరూ ఎళ్లిపోవద్దు. హైదరాబాదుల నా తోటోళ్లు దోస్తులకు లింకు పంపి ఒక్క పూటల పన్నెండు మందిని జమచేస్తరు. నేను ఇల్లిల్లు తిరిగిన. సంఘంల ఏడుగురు. బాపు ఎనిమిది. ఎల్లారెడ్డికి షేర్ ఆటో నడిపే అన్న తొమ్మిది. బస్టాండుల చాయ్ అమ్మే అక్క పది. బళ్లె వంట చేసే ఆమె పదకొండు. పన్నెండో మనిషికి రెండు దినాలు తిరిగిన. ఆఖరుకు పెద్దవ్వ తన చెల్లె కొడుకు ఇచ్చిన పాత ఫోన్ తెచ్చి, "గిందుల ఎక్కది అంటవేమో" అన్నది. ఎక్కింది. అద్దం పలిగిన ఆ ఫోన్ల కూడా ఎక్కింది.

తొమ్మిదో దినం ఆటో అన్న ఏదో బటన్ ఒత్తి పరీక్షల నుంచి బయటికి ఎళ్లిండు. "పెండ్లి వీడియో పడ్తలేదని జాగ ఖాళీ చేసిన చెల్లె, నీది పోతదనుకోలే" అన్నడు. మళ్ల ఒకటి నుంచి లెక్క. ఆటోల ఎనుక సీటు మీద కూసోని, ఎల్లారెడ్డి చేరేదాక ఆయనను తిట్టుకుంటనే పోయిన. ఆయన నవ్వుకుంట బండి నడిపిండు. కాని రెండోసారి ఆయనే పొద్దుపొద్దున మిగిలిన పదకొండు మందికి ఫోన్ చేసి, "యాప్ ఉన్నదా? ముట్టకుండ్రి" అని చెప్పిండు. పద్నాలుగు దినాలు అయినయి. స్టోర్ల పడ్డది.

వానకాలం కోతలు మొదలైనయి. సెంటర్ తెరిచిండ్లు. అవ్వ ఒక ఫోన్ల, సంఘంల ఉన్న మా చిన్నమ్మ ఒక ఫోన్ల నంబర్లు ఇచ్చుడు షురూ చేసిండ్లు. కల్లంల సిగ్నల్ రాదు. రోడ్డు మీది కల్వర్టు కాడికి పోతే వస్తది. అందుకే ఫోన్ల రాసింది ఫోన్లనే ఉండి, సిగ్నల్ దొరికినప్పుడు ముంబైకి పోయేటట్టు చేసిన.

మూడో దినం గొడవ అయింది. పొద్దుగాల అవ్వ ఒక రైతుకు నలబై ఒకటి ఇచ్చింది. జర తర్వాత చిన్నమ్మ ఇంకో రైతుకు నలబై ఒకటి ఇచ్చింది. రెండు ఫోన్లకూ ఒకదాని సంగతి ఒకదానికి తెల్వదు. సాయంత్రం కల్వర్టు కాడ రెండూ కలిసినప్పుడు, ఎనుక రాసింది ముందటి దాన్ని కొట్టేసింది. పొద్దుగాల వచ్చినాయన పేరే మాయమైంది. తెల్లారి కాంట కాడ ఇద్దరు గల్లాలు పట్టుకున్నరు. "మిషను కూడా మనుషుల లెక్కనే తయారైందా!" అని ఒకాయన అరిచిండు.

ఇద్దరు ఒక్కసారే మార్చితే ఎవరిది ఉంటదన్న ప్రశ్నకు మా కంపెనీ తయారు జవాబు ఏందో తెలుసా? చివర రాసింది నిలుస్తది. నేను ఎంతమందికి పంపిననో లెక్క లేదు. ఒక వాక్యం, మర్యాదగ, కింద నమస్కారం. చివర వచ్చినోడే నిలుస్తడంటే, ముందు వచ్చినోడు ఏం కావాలె? పెద్దవ్వకు పటేల్ చేసిందీ అదే గదా. నేను అదే పని యాప్‌తోని చేయించిన.

కల్లంల బస్తాల మీద ఎక్కి నిలబడ్డ. "తప్పు యాప్‌ది కాదు, మా అవ్వది కాదు, చిన్నమ్మది కాదు. తప్పు నాది. పొద్దుగాల వచ్చినాయనదే నలబై ఒకటి. రెండో ఆయనది నలబై రెండు. ఇట్ల మళ్ల కాదు" అన్న.

"మళ్ల అయితే?" అన్నడు ఇందాక అరిచినాయన.

"అయితే నేనే బుక్కు తెచ్చి మీ చేతుల పెడ్త."

ఆ పూటనే ట్రాక్టర్ ట్రాలీ నీడల ల్యాప్‌టాప్ పెట్టుకొని మార్చిన. ఇగ నంబర్ ఇచ్చే ఫోన్ ఒక్కటే, అవ్వది. చిన్నమ్మ ఫోన్ల తేమ మాత్రమే రాయాలె. ఇంకో మాట కూడా కలిపిన. ఎవరి నంబర్ అయినా జరిగితే, ఎవరు జరిపిండ్లు, ఏ దినం, ఏ టైముకు, ఎందుకు జరిపిండ్లు, ఇదంత సీరియల్ కిందనే అందరి ఫోన్లల్ల కనబడాలె. కనబడకుంట ఎవరూ జరపొద్దు, నాతోని సహా. నిజం చెప్పాలంటే, అసలు తాళం నా కాడ ఉన్నది గనుక నేను గుట్టుగ మార్చాలనుకుంటే మార్చొచ్చు. యాప్ చేసినోళ్లకు ఆ ఉపాయం ఎప్పటికీ ఉంటది. అందుకే పొద్దుపొద్దున ఆ దినం సీరియల్‌ను చాక్‌పీస్‌తోని సెంటర్ గోడ మీద రాయిపిచ్చిన. గోడకూ ఫోన్‌కూ తేడా వస్తే నన్ను పట్టుకోవచ్చు.

నాలుగు దినాలకు పటేల్ మా ఇంటికి వచ్చిండు. ఎన్నడూ రాని మనిషి. బాపు కుర్చీ ఏసి నిలబడ్డడు. పటేల్ మంచిగనే మాట్లాడిండు.

"బిడ్డా, కామారెడ్డిల సదువుకొని మంచి పని చేసినవ్. ఊరికి పేరొచ్చింది. నా ట్రాక్టర్లు నిన్న కల్లానికి వచ్చినయి. నీ ఫోన్ల నా నంబర్ అరవై మూడు అని చూపెడుతున్నది. జర పైకి జరుపు."

బాపు మొఖం చూడలే. చూస్తే మాట రాదని తెలుసు.

"జరపొచ్చు పటేలా" అన్న. "ఒక్క నిమిషం పని. జరిపితే, ఫలానా దినం, ఫలానా టైముకు, పటేల్ అడిగితే జరిపినం అని అందరి ఫోన్లల్ల పడ్తది. గోడ మీద కూడా రాస్తం. మార్చుమంటరా?"

ఆయన నన్ను చూసిండు, బాపును చూసిండు. "నీ బిడ్డకు మాటలు మస్తు నేర్పినవ్" అన్నడు. బాపు, "నేను నేర్పలే పటేలా. అది అడిగి అడిగి నేర్చుకున్నది" అన్నడు. పటేల్ చాయ్ తాగకుంటనే పోయిండు.

తెల్లారి ఇంచార్జి వచ్చి యాప్ బంద్ చేయమన్నడు. "ఎవరి పర్మిషన్‌తోని రైతుల వివరాలు ప్రైవేటు క్లౌడ్‌ల పెట్టిండ్లు? నోటీసు వస్తది" అన్నడు. "నోటీసు దాక ఎందుకు సార్, కామారెడ్డిల పై ఆఫీసుకు మేమే వస్తం. అందరి ముందట అడగండి" అన్న. ఆయన వద్దన్నడు. అవ్వ, నేను మర్నాడు పొద్దున బస్సు ఎక్కినం. పెద్దవ్వ పిలువకుంటనే మాతోని ఎక్కింది.

కామారెడ్డిల ఆఫీసర్ మేడం మమ్మల్ని రెండు గంటలు బయట కూసోపెట్టి లోపలికి పిలిచింది. ఇంచార్జి అప్పటికే ఆమె పక్కన నిలబడి ఉన్నడు. మేడం నా ఫోన్ తీసుకొని యాప్ మొత్తం చూసింది. తర్వాత అడుగుడు మొదలుపెట్టింది. నా కొలువుల వచ్చే ప్రశ్నలే. ఈసారి తయారు జవాబు లేదు.

"ఇందులో రైతుల ఆధార్ నంబర్లు ఉన్నాయా?"

"లేవు మేడం."

"ఫోన్ నంబర్లు?"

"ఉన్నయి. సీరియల్ దగ్గరికి వచ్చినప్పుడు మెసేజ్ పంపేతందుకు."

"అవి బయటివాళ్లెవరూ చూడలేరా?"

అబద్ధం చెప్పొచ్చు. ఇంచార్జికి తెల్వదు, మేడంకూ తెల్వదు. "ఇప్పుడు చూడలేరు. మొదటి రెండు దినాలు చూడొచ్చుండె. నేను పరీక్ష కోసం తెరిచి పెట్టి మరిచిపోయిన. తర్వాత మూసిన" అని చెప్పిన. ఇంచార్జి, "చూసిండ్రా మేడం!" అన్నడు. మేడం ఆయన దిక్కు చూడలే.

"ఫోన్ నంబర్లు తీసెయ్యండి. మెసేజ్ లేకపోయినా గోడ మీద చూసుకుంటారు కదా. ఇంకొకటి. రేపు మీకు పెళ్లయిపోయి వెళ్లిపోయారు, లేదా ఉద్యోగం మారింది. అప్పుడు దీన్ని ఎవరు నడుపుతారు?"

పెండ్లి మాట నాకు సుర్రుమన్నది. "మగోడు చేస్తే ఈ మాట అడుగుతరా మేడం?" అన్న. అవ్వ నా చెయ్యి నొక్కింది. మేడం నా ఫోన్ టేబుల్ మీద పెట్టింది. తర్వాత, "సరే. ఉద్యోగం మారితే?" అన్నది. అది న్యాయమైన ప్రశ్న. "ఇయ్యాలటికి నేనే. ఈ సీజన్ అయిపోయేలోపు ఇద్దరికి నేర్పుత" అన్న.

గప్పుడు అవ్వ లేచింది. "మేడం, బుక్కు ఉన్నన్ని ఏండ్లు ఎవరు రాసిండ్లు, ఎవరు దిద్దిండ్లు, ఒక్కలు అడగలే. ఇప్పుడు మార్చినోళ్ల పేరు బయటపడుతున్నదని ఇన్ని ప్రశ్నలు వస్తున్నయి. అడగండి, చెప్తం. కాని బుక్కును కూడా అడగండి."

పెద్దవ్వ ఒక్క మాట చెప్పింది. "పందొమ్మిది, ఇరవై మూడు, ఇరవై ఎనిమిది" అని తన సీరియల్ చెప్పి ఊకున్నది.

మేడం ఇంచార్జిని, ఆఫీసుల జమ చేసిన యాసంగి బుక్కు తెమ్మన్నది. తిప్పి చూసింది. కొట్టేతలు, దిద్దుబాట్లు ఉన్నయి, కారణం ఏడా లేదు. ఆమె కాగితం మీద రాసి ఇచ్చింది మాకు పూర్తి గెలుపు కాదు. అధికారికంగా చెల్లేది బుక్కే. యాప్ రైతులు చూసుకునేతందుకు మాత్రమే. కాని బుక్కుల ఎవరి నంబర్ మార్చినా పక్కన కారణం రాసి సంతకం పెట్టాలె. బస్సుల అవ్వ ఆ కాగితం మూడుసార్లు నాతోని చదివిపిచ్చుకున్నది.

పటేల్ ట్రాక్టర్లు ఆరు దినాలు వరుసల నిలబడ్డయి. సంతకం పెట్టేటోళ్లు ఎవరూ దొరకలే. అరవై మూడో నంబర్ వచ్చిన పూట ఆయనే స్వయంగ వచ్చి కాంట కాడ నిలబడ్డడు. అవ్వ పేరు పిలిచింది, వడ్లు జోకిండ్లు. పెద్దవ్వవి అంతకు రెండు దినాల ముందటనే ఎల్లిపోయినయి, ఎండిన వడ్లు, ఒక్క మొలక లేకుంట.

ఆ సంబురం ఎక్కువ దినాలు లేకుండె. తర్వాతి పంటకు పటేల్ మా బాపుకు కౌలు భూమి ఇయ్యలే. బాపు ఇంటికి వచ్చి అంగీ విప్పి దండెం మీద ఏసి, "రెండెకరాలు వద్దన్నడు" అన్నడు.

"నా వల్లనే బాపు."

"నీ వల్ల గాదు. ఆయన చేసిన పని నీ మీద ఏసుకోకు."

అవ్వ, "ఇంకో దిక్కు చూసుకుందాం" అన్నది. మహమ్మద్‌నగర్ దిక్కు ఎకరంనర దొరికింది. బాపు దినాం బండి మీద పోయి వస్తున్నడు. నడుము నొస్తదని చెప్పడు గని, బండి దిగినప్పుడు ఒక్క నిమిషం నడుము పట్టుకొని నిలబడ్తడు. నేను కిటికిల నుంచి చూస్త. నాకు బాధ అయితది. చేసినందుకు మాత్రం కాదు.

మా కంపెనీల ఆ తయారు జవాబు మార్చాలని రాసిన. చివర రాసింది నిలుస్తదని చెప్పేముందు, మీ యాప్‌ల ముందు వచ్చినోళ్లకు ఏమైతదో అడగండి అని ఒక వాక్యం కలిపిన. పై ఆఫీసర్ అక్కర లేదన్నడు. తయారు జవాబు అట్లనే ఉన్నది. నేను పంపేదాంట్ల మాత్రం నా వాక్యం ఉంటది. ఇప్పటిదాక ఎవరూ తీసెయ్యమనలే. అన్నా తియ్య.

నేర్పుత అన్న ఇద్దరు ఎవరంటే, ఒకరు చిన్నమ్మ, ఇంకొకరు చాయ్ అమ్మే అక్క బిడ్డ. ఆ పిల్ల డిగ్రీ చదువుతున్నది. సర్వర్ ఆగితే ఎట్ల లేపాలె, పాత సీరియల్ ఎట్ల కాపాడుకోవాలె, తాళం ఎవరికి ఇయ్యొద్దు, అన్నీ తెలుగుల రాసి ఇచ్చిన. చిన్నమ్మ మొదటిసారి సర్వర్‌ను తానే లేపిన నాడు నాకు ఫోన్ చేసి, "లేసింది! కూసున్నదాన్ని నేనే లేపిన!" అన్నది.

మొన్న బీర్కూర్ నుంచి ఒక సంఘం ఆమె ఫోన్ చేసింది. మా దగ్గర కూడా పెడ్తరా అని. బాన్సువాడ మీదికెళ్లి బస్సుల పోయిన. బడి వరండల ఇరవై మంది ఆడోళ్లు కూసున్నరు. ఎనుకకెళ్లి ఒకామె లేచి అడిగింది: "పెడ్తే మా ఊరి పెద్దోళ్లు ఊకుంటరా?"

"ఊకోరు" అన్న. "మీ ఇంటికి వస్తరు. మంచిగ మాట్లాడుతరు. తర్వాత మంచిగ మాట్లాడరు. మా బాపుకు కౌలు పోయింది. ఇవన్నీ తెలుసుకునే చెప్పండి."

వాళ్లల్ల వాళ్లు చానసేపు గుసగుసలాడిండ్లు. ఇద్దరు లేచి పోయిండ్లు. మిగిలినోళ్లు కూసున్నరు. అడిగినామె తన ఫోన్ నా చేతికి ఇచ్చి, "ఎక్కియ్యి" అన్నది.